బజారు వీధి ఖాళీ కొట్లు: పదకొండు నెలల కాగితం, అరవై నెలల లెక్క

ఉదయం ఏడింటికి చిత్తూరు బజారు వీధిలో నడిస్తే ఏ కొట్టు నడుస్తోందో, ఏది మూతపడిందో తెలియదు. షట్టర్లన్నీ దించే ఉంటాయి. పదిన్నర దాటాక గాని తేడా కనపడదు. తెరుచుకోని షట్టరు మీద కళాశాల ప్రవేశాల పోస్టరు, దాని మీద కంటి శిబిరం పోస్టరు, ఆ పైన ఎవరికో శ్రద్ధాంజలి, అన్నీ పొరలు పొరలుగా అట్టకట్టి ఉంటాయి. పై అంతస్తు కిటికీ రెక్క ఒంటి బందు మీద వేలాడుతుంటుంది. పిట్టగోడ పగులులోంచి రావి మొక్క తొంగిచూస్తుంటుంది. కింద అరుగు మీద మాత్రం పూలమ్మే ఆమె గంప పెట్టుకుని మూరలు కొలుస్తుంటుంది.

ఇదే ఊళ్లో ఇంటి వంటగదిలో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆమె చిన్న కొట్టు కోసం వెతుకుతుంటుంది. నాలుగు కుట్టు యంత్రాలు పెట్టుకోవడానికి చోటు చాలని దర్జీ, గిరాకీ ఉన్నా కూర్చోవడానికి బల్ల లేని పన్నుల సలహాదారు, ఫోన్లు బాగుచేసే కుర్రాడు, అందరూ అదే వెతుకులాటలో ఉంటారు. ఒక పక్క ఖాళీ, మరో పక్క అవసరం. రెండూ ఒకే వీధిలో ఉండి కూడా కలవకపోవడానికి చాలామంది చెప్పే కారణం ఒక్కటే: ‘యజమానికి ఆశ ఎక్కువ’. అందులో నిజం లేకపోలేదు, కానీ అసలు ముడి అక్కడ లేదు.

## ఖాళీ అంటే అన్నీ ఒకటి కాదు

బయటికి ఒకేలా కనిపించే మూసిన షట్టర్ల వెనక కథలు వేరు. కొన్ని నిజంగానే బాడుగకు ఎదురుచూస్తుంటాయి. ‘టు లెట్’ బోర్డు ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది, రెండు మూడు నెలల్లో ఎవరో ఒకరు వస్తారు. వీటి గురించి బెంగ అక్కర్లేదు, ఏ బజారులోనైనా పాత వ్యాపారం పోయి కొత్తది వచ్చే మధ్యకాలం కొంత ఉంటుంది. మరికొన్నింటికి బోర్డే ఉండదు, ఎందుకంటే బాడుగకు ఇవ్వాలా వద్దా అన్నది ఇంట్లోనే తేలలేదు. ఇంకొన్ని ఖాళీగా కనిపిస్తాయి గాని లోపల పక్క కొట్టువాడి సరుకు ఉంటుంది, అది గోదాము.

ఎవరి లెక్కలోకీ రానిది మరొకటి ఉంది. కింద కొట్టు కళకళలాడుతున్నా పై అంతస్తు పాతికేళ్లుగా తాళంలో ఉండటం. పూర్వం కింద వ్యాపారం, పైన కాపురం ఉండేవి. కుటుంబాలు కొంగారెడ్డిపల్లె, గ్రీమ్స్‌పేట వైపు ఇళ్లు కట్టుకుని వెళ్లిపోయాక పైన మిగిలింది పాత బీరువాలూ పావురాలూ. నన్నడిగితే, ఖాళీ స్థలం గురించి మాట్లాడేవాళ్లు షట్టర్లను కాదు, తల ఎత్తి కిటికీలను లెక్కపెట్టాలి.

## బజారు ఎందుకు పలచబడింది

దీనికి కొత్తగా చెప్పేదేమీ లేదు. వెల్లూరు నలభై కిలోమీటర్ల లోపే, తిరుపతి డెబ్బై కిలోమీటర్ల దూరంలో. పెళ్లి బట్టలకు అటో ఇటో వెళ్లడం చిత్తూరు వాళ్లకు ఎప్పటినుంచో అలవాటే. వెడల్పు రోడ్లూ బండి నిలిపే చోటూ ఉన్న శివారు ప్రాంతాలకు పెద్ద దుకాణాలు తరలాయి. మిగిలిన గిరాకీలో కొంత ఫోను తినేసింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయాక తిరుపతి, మదనపల్లె ప్రాంతాలవాళ్లకు కలెక్టరేటు పని మీద చిత్తూరు రావలసిన అవసరం తప్పింది. వచ్చినవాళ్లు టిఫిన్ తిని, పిల్లలకు ఏదో కొనుక్కుని వెళ్లేవాళ్లు. ఆ చిల్లర వ్యాపారం తగ్గింది.

కానీ గిరాకీ తగ్గితే బాడుగ తగ్గాలి కదా? కూరగాయల ధర పడిపోయినట్టు కొట్టు బాడుగ ఎందుకు పడదు?

## యజమాని లెక్క

ఒక ఊహా భవనం తీసుకుందాం. వీధి వైపు ఇరవై అడుగులు, లోపలికి అరవై అడుగులు, అంటే 1,200 చదరపు అడుగులు, దాదాపు రెండుముప్పావు సెంట్లు. పైన అంతే మరో అంతస్తు. యజమాని అడిగే బాడుగ నెలకు 35,000, అడ్వాన్సు పది నెలలు, అంటే మూడున్నర లక్షలు. మూడేళ్లుగా ఖాళీ. పోగొట్టుకున్నది 12 లక్షల 60 వేలు. బయటివాళ్లకు ఇది మూర్ఖత్వంలా కనిపిస్తుంది.

ఆయన వైపు నుంచి చూడండి. ఆ స్థలం విలువ కోటిన్నర అనుకుంటే ఏడాదికి వచ్చే 4 లక్షల 20 వేల బాడుగ అందులో 2.8 శాతం. స్థలం ధర ఏడాదికి ఆరు శాతం పెరిగినా తొమ్మిది లక్షలు, అది కూర్చున్న చోటే వస్తోంది. లోపల బాడుగదారు ఉంటే అమ్మేటప్పుడు కొనేవాడు ధర తగ్గిస్తాడు, లేదా ‘ఖాళీ చేయించి ఇవ్వండి’ అంటాడు. బాడుగ తగ్గించి ఇస్తే మరో చిక్కు: పక్కనే ఉన్న తన ఇంకో కొట్టు బాడుగదారు కూడా తగ్గించమంటాడు. అందుకే ఆయన దృష్టిలో మూసిన తాళం నష్టం కాదు, చేతిలో ఉంచుకున్న వీలు.

ఆస్తి పన్ను ఈ లెక్కను కొంత మారుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ వరకు పన్ను వార్షిక అద్దె విలువ ఆధారంగా ఉండేది, ఆ తర్వాత ఆస్తి మూలధన విలువ ఆధారంగా లెక్కిస్తున్నారు. అంటే ఆ భవనం ఎంత బాడుగ తెస్తుందన్నది కాదు, దాని విలువ ఎంతన్నదే కొలత. సంపాదించని భవనం మీద భారం ఇప్పుడు ఎక్కువ తెలుస్తుంది. అయినా స్థలం ధర పెరుగుతుందన్న ఆశ ముందు ఆ పన్ను చిన్నదే.

ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది. తొమ్మిది లక్షలు పెరిగేది స్థలానికి, భవనానికి కాదు. భవనం ఏటా తరుగుతుంది. దాని సంగతి కాసేపట్లో.

## తాళంచెవి ఒకటి, సంతకాలు ఏడు

ఇది నిజంగా పెద్ద అడ్డంకి, అయినా దీని గురించి చాలా తక్కువ మాట్లాడతారు. ఆ ఊహా భవనాన్ని సొంత సంపాదనతో కొన్న తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ఇద్దరు కొడుకులకు, ఇద్దరు కూతుళ్లకు తలా ఐదో వంతు వస్తుంది. తర్వాత చిన్న కొడుకు కూడా పోయాడు. అతని ఐదో వంతులో అతని భార్యకు, ఇద్దరు పిల్లలకు, తల్లికి సమాన భాగాలు, అంటే ఒక్కొక్కరికి ఇరవయ్యో వంతు. తల్లికి తన ఐదో వంతుకు తోడు ఇది కూడా కలుస్తుంది. ఇప్పుడు హక్కుదారులు ఏడుగురు: ముగ్గురు చిత్తూరులో, ఒకరు బెంగళూరులో, ఒకరు చెన్నైలో, ఇద్దరు ఇంకా బడిలో.

తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే మరో మెలిక. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరులోనే వచ్చింది, కానీ అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. ఆ తేడాను 2005 నాటి కేంద్ర సవరణ తొలగించింది. ఆ సవరణ రోజుకు తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ‘ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసేశాం, కొట్టు మగపిల్లలది’ అనే పాత మాట మీద రాసుకున్న బాడుగ కాగితం ఎప్పుడైనా ప్రశ్నకు గురికావచ్చు.

ఇరవై అడుగుల ముఖం ఉన్న కొట్టును ఐదు వాటాలుగా చీలిస్తే ఒక్కొక్కరికి నాలుగడుగులు వస్తాయి. బీరువా పెట్టుకోవడానికి సరిపోతుంది. ఇలాంటి చోట పంచడం కుదరదని తోస్తే, సగానికి తగ్గని వాటా ఉన్నవాళ్లు కోరినప్పుడు అమ్మించి డబ్బు పంచే అధికారం 1893 నాటి విభజన చట్టం కోర్టుకు ఇచ్చింది. కానీ దావా అంటే ఏళ్లు, ఆ ఏళ్లన్నీ తాళమే.

మైనర్ల వాటా ఉన్నప్పుడు మరో పరిమితి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం మైనర్ స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా తల్లి అయినా ఐదేళ్లకు మించి, లేదా పిల్లలు మేజరైన తర్వాత ఏడాదికి మించి సాగేలా లీజుకు ఇవ్వకూడదు. మన ఉదాహరణలో పెద్ద పిల్లవాడికి పదిహేనేళ్లు అనుకోండి. పద్దెనిమిది నిండి మరో ఏడాది, అంటే గరిష్ఠంగా నాలుగేళ్ల లీజు. ఈ నాలుగు అంకెను గుర్తుంచుకోండి, కింద మరమ్మతు లెక్కలో మళ్లీ తగులుతుంది.

అమ్మకం కుదరకపోయినా బాడుగ కుదరడానికి మార్గం ఉంది. వాటాలు తేల్చకుండానే, అందరూ కలిసి ఒకరికి అధికారపత్రం రాసిచ్చి, బాడుగ మాత్రం వాటాల ప్రకారం ఎవరి బ్యాంకు ఖాతాకు వారికి వెళ్లేలా ఒప్పందం రాసుకోవడం. అన్నదమ్ముల గొడవల్లో సగం ‘బాడుగ ఎవడు తింటున్నాడు’ అన్న అనుమానమే కాబట్టి, ఖాతాలోకి నేరుగా పడే డబ్బు చాలా నోళ్లు మూయిస్తుంది.

## పదకొండు నెలల కాగితం

చిత్తూరులో బాడుగ కాగితం అంటే పదకొండు నెలల కాగితమే. ఎందుకు పదకొండు? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయాలని ఉండేది (1999లో రాష్ట్ర సవరణ లీజులన్నిటికీ దాన్ని వర్తింపజేసింది, పాత అలవాటు మాత్రం పోలేదు). స్టాంపు ఖర్చు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి తిరుగుడు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి రాసుకుంటారు. అంతకు మించిన మహిమ ఆ అంకెలో లేదు.

దాని వెనక భయం మాత్రం పాతది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం కింద బాడుగదారును ఖాళీ చేయించాలంటే చట్టం చెప్పిన కారణాలలో ఒకటి రుజువు కావలసి వచ్చేది: కావాలని బాడుగ ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వడం, యజమానికే నిజంగా అవసరం పడటం లాంటివి. గడువు తీరిందన్న ఒక్క మాట చాలేది కాదు. న్యాయమైన బాడుగ ఎంతో నిర్ణయించే అధికారం అద్దె నియంత్రణాధికారికి ఉండేది. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టినవాటికి మొదట మినహాయింపు ఉండేది, దాన్ని సుప్రీంకోర్టు 1983లో కొట్టేసింది. బజారు వీధిలోని పాత మిద్దెలు ఎలాగూ అంతకు ముందువే. నెలకు వంద రూపాయల బాడుగకు మూడు తరాలు కూర్చున్న బాడుగదారుల కథలు ప్రతి వ్యాపార కుటుంబంలోనూ ఒకటి ఉంటుంది. ఆ పాత చట్టం స్థానంలో రాష్ట్రం 2017లో కొత్త అద్దె చట్టం చేసింది. చట్టం మారినా జ్ఞాపకం మారలేదు, ఇంటి పెద్దలు ఇప్పటికీ 1960 చట్టానికే భయపడుతుంటారు.

‘పన్నెండేళ్లు ఉంటే కొట్టు వాడిదైపోతుంది’ అనేది ఈ భయంలో తప్పుడు సగం. పన్నెండేళ్ల లెక్క యజమాని హక్కును ధిక్కరించి ఆక్రమించినవాడికి సంబంధించినది. బాడుగ ఒప్పుకుని లోపలికి వచ్చినవాడు ఆ బాడుగ సాగినంత కాలం యజమాని హక్కును కాదనడానికి సాక్ష్య చట్టమే ఒప్పుకోదు.

ఇక్కడే రెండు మాటల తేడా తెలియాలి. లీజు అంటే ఆస్తిని అనుభవించే హక్కు గడువు వరకు బదిలీ కావడం. లైసెన్సు అంటే ఆ హక్కు బదిలీ కాకుండా, వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇవ్వడం. కల్యాణ మండపాన్ని ఒక రోజుకు తీసుకోవడం, పెద్ద దుకాణంలో ఒక మూల బల్ల వేసుకోవడం లైసెన్సు లాంటివి. లైసెన్సుదారును పంపించడం సులువు కాబట్టి కొందరు లీజుకే ఆ పేరు పెట్టి రాసుకుంటారు. అది పనిచేయదు. కాగితం మీద పేరు కాదు, అసలు స్వభావం చూడాలని 1959లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తాళంచెవి పూర్తిగా అవతలివాడి చేతిలో ఉంటే అది లీజుగా తేలే అవకాశమే ఎక్కువ. ఒకే తలుపు లోపల పదిమంది తలా ఒక బల్ల పెట్టుకుని, తాళం నిర్వాహకుడి దగ్గరే ఉంటే లైసెన్సు అన్న మాటకు బలం ఉంటుంది.

## మిద్దె లోపల ఏముంది

మన ఊళ్లు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కట్టిన భవనాల్లో చాలావాటి పైకప్పు మద్రాసు మిద్దె. గోడ నుంచి గోడకు కర్ర దూలాలు, వాటి మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చడం, ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస కొట్టడం, అన్నిటికీ మీద పలచని పెంకులు. ఇలాంటి మిద్దె కింద మే నెలలో కూర్చున్నవాళ్లకు దాని విలువ తెలుసు.

దాని రోగం కూడా దాని కట్టుబడిలోనే ఉంది. దూలం మధ్యలో కొట్టి చూస్తే ఖంగుమంటుంది. గోడలో దూరిన కొస దగ్గర మేస్త్రీ ఉలి మొన పెడితే పిండిలా రాలుతుంది. తేమా చెదలూ ముందు పట్టేది అక్కడే. మనుషులు తిరుగుతున్నప్పుడు ఎవరో ఒకరు మిద్దె ఎక్కి తూము శుభ్రం చేస్తారు, రావి మొక్కను వేళ్లతో పీకేస్తారు. తాళం పడ్డ రెండో వానాకాలానికే నీళ్లు నిలుస్తాయి. కారుతోందని పైన సిమెంటు పూత వేయడం తెలిసి తెలిసి చేసే తప్పు. సున్నం లాగా సిమెంటు ఊపిరి పీల్చదు, లోపలి తేమ లోపలే ఉండి దూలాన్ని ఇంకా త్వరగా తింటుంది.

అందుకే ‘ఏం పోయింది, అలాగే ఉండనీ’ అనే యజమాని లెక్కలో ఒక అంకె తప్పిపోయిందన్నాను. ఖాళీగా ఉన్న ప్రతి ఏడూ మరమ్మతు బిల్లును పెంచుతుంది.

మెట్లు మరో సంగతి. రెండున్నర అడుగుల వెడల్పున్న ఒంటి కర్ర మెట్ల మీదుగా ఇద్దరు దర్జీలు పైకి వెళ్లవచ్చు, అరవై మంది పిల్లల ట్యూషన్ పెట్టకూడదు. 2019 మే 24న సూరత్‌లో వాణిజ్య భవనం పైభాగంలో నడుస్తున్న శిక్షణ కేంద్రానికి మంటలు అంటుకుంటే కిందికి దిగే దారి లేక 22 మంది చనిపోయారు. పాత భవనంలో ఏ వ్యాపారం పెట్టవచ్చన్నది వీధి గిరాకీ కంటే ముందు మెట్లు నిర్ణయించాలి.

కరెంటు కూడా చూసుకోవలసిందే. పైన కాపురం ఉన్న రోజుల్లో ఇచ్చిన గృహ కనెక్షన్‌ను వాణిజ్య కేటగిరీకి మార్చుకోవాలి. పాత బాడుగదారు పెట్టిపోయిన బకాయి ఉంటే, అది కడితేనే ఆ ఆవరణకు కొత్త కనెక్షన్ ఇస్తామని విద్యుత్ సంస్థలు తమ నిబంధనల మేరకు షరతు పెట్టవచ్చని 2023లో సుప్రీంకోర్టు సమర్థించింది. చేతులు కలపకముందే పాత బిల్లు నంబరు అడగడం మంచిది.

## ముక్కలు చేస్తే లెక్క ఎలా మారుతుంది

ఇప్పుడు ఆ ఊహా భవనాన్ని ఒకే పెద్ద బాడుగదారు కోసం కాకుండా పదిమంది చిన్నవాళ్ల కోసం సిద్ధం చేద్దాం. అంకెలన్నీ లెక్క చూపించడానికి వేసుకున్నవే.

కింద వీధి వైపు నూటయాభై చదరపు అడుగుల కొట్లు రెండు, నెలకు 9,000 చొప్పున. వెనక ఏడువందల అడుగులు పచ్చళ్లు, పిండివంటలు చేసేవాళ్లకు, 10,000. మిగిలిన రెండువందలు నడవాకు. పైన ఆరుగురికి తలా 2,000. అంతా నిండితే 40,000. ఎప్పుడూ అంతా నిండదు, ఇరవై శాతం ఖాళీ అనుకుంటే 32,000. శుభ్రత, నీళ్లు, నడవా దీపాలు, తాళం వేసే మనిషి జీతంలో కొంత కలిపి 7,000 పోతే మిగిలేది 25,000.

మరమ్మతు: దూలాలూ మిద్దె నాలుగు లక్షలు, మెట్లు లక్ష, మరుగుదొడ్లు, నీళ్లు లక్షా ఇరవై వేలు, వైరింగు లక్షా ఎనభై వేలు, షట్టర్లు, అడ్డుగోడలు లక్ష. మొత్తం తొమ్మిది లక్షలు.

ఒక నిర్వాహకుడు ఈ తొమ్మిది లక్షలూ తానే పెట్టి, యజమానికి నెలకు 10,000 ఇస్తాడనుకుందాం. అతనికి మిగిలే 15,000తో పెట్టుబడి తిరిగి రావడానికి అరవై నెలలు. వడ్డీ కలపలేదు. అతని చేతిలో ఉన్నది పదకొండు నెలల కాగితం. పన్నెండో నెలలో యజమాని ‘భవనం బాగుంది, ఇక మేమే చూసుకుంటాం’ అంటే వచ్చింది లక్షా అరవై ఐదు వేలు, మునిగింది ఏడు లక్షల ముప్పై ఐదు వేలు. బుద్ధి ఉన్నవాడెవడూ ఈ పని చేయడు. ఊళ్లో ఈ పని జరగకపోవడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు. అసలు ముడి ఇదే: బాడుగ ఎంత అన్నది కాదు, మరమ్మతు డబ్బు ఎవరు పెడతారు, దానికి ఎన్నేళ్ల భరోసా అన్నది. ఐదేళ్ల రిజిస్టరు లీజు రాద్దామంటే పైన చెప్పిన పదిహేనేళ్ల పిల్లవాడి వాటా నాలుగేళ్ల దగ్గర ఆపేస్తుంది.

ఇంకో పద్ధతి చూద్దాం. మిద్దె నాలుగు లక్షలు యజమాని పెడతాడు, ఎందుకంటే బాడుగదారు వెళ్లినా మిద్దె ఆయనకే ఉంటుంది. మిగిలిన ఐదు లక్షలు నిర్వాహకుడివి. నెలకు అదే 10,000 యజమానికి వెళితే ఆయన డబ్బు నలభై నెలల్లో, నిర్వాహకుడి డబ్బు 34 నెలల్లో తిరిగి వస్తాయి. నాలుగేళ్ల లీజు ఇద్దరికీ సరిపోతుంది. గోడకు అంటుకున్నది యజమానిది, విప్పి తీసుకుపోగలిగింది బాడుగదారుది అనే పాత న్యాయానికి ఇదే దగ్గర.

ఈ లెక్క ఎంత సున్నితమైనదో కూడా చూడాలి. ఖాళీ ఇరవై శాతం కాక నలభై శాతం అయిందనుకోండి. వచ్చేది 24,000, ఖర్చు పోగా 17,000, యజమానికి ఇవ్వగా మిగిలేది 7,000. ఐదు లక్షలు తిరిగి రావడానికి ఆరేళ్లు, మొత్తం తొమ్మిది లక్షలూ పెట్టి ఉంటే పదేళ్లు దాటుతుంది. పదిమంది చిన్న బాడుగదారులు ఉన్నచోట ఎప్పుడూ ఒకరిద్దరు దివాలా తీస్తూనే ఉంటారు.

చిన్న వ్యాపారికి లాభం బాడుగలో కంటే అడ్వాన్సులో ఎక్కువ. మొత్తం భవనానికి మూడున్నర లక్షలు కట్టవలసిన చోట, తన ముక్కకు రెండు నెలల అడ్వాన్సు 18,000తో మొదలుపెట్టవచ్చు. మిగిలిన డబ్బు సరుకులో ఉంటుంది. రుణాల సంగతికొస్తే, ముద్ర లాంటివి సరుకుకూ యంత్రాలకూ పనికొస్తాయి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో పని షెడ్డు బాడుగను గరిష్ఠంగా మూడేళ్ల వరకు ప్రాజెక్టు వ్యయంలో చూపవచ్చు, స్థలం ధర చూపకూడదు. పరాయివాడి మిద్దె బాగుచేయడానికి అప్పు పుట్టించడం మాత్రం కష్టం, తాకట్టు పెట్టడానికి ఆ మిద్దె నీది కాదు.

జీఎస్టీ గురించి ఒక మాట, ఎందుకంటే ఆ పేరు చెప్పి చాలామంది బెదిరిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితేనే నమోదు. మన నిర్వాహకుడి ఆదాయం నిండుగా ఉన్నా 4 లక్షల 80 వేలే. అయితే 2024 అక్టోబరు 10 నుంచి, నమోదు లేని యజమాని దగ్గర వాణిజ్య భవనం తీసుకున్న నమోదిత వ్యాపారే 18 శాతం పన్ను కట్టాలి, తర్వాత దాన్ని తను కట్టవలసిన జీఎస్టీలో మినహాయించుకోవచ్చు. కాంపోజిషన్ పద్ధతిలో, అంటే అమ్మకాల మీద తక్కువ రేటు పన్ను కట్టి సరిపెట్టుకునే చిన్న వ్యాపారులను 2025 జనవరిలో దీన్నుంచి తప్పించారు.

## వేరే దేశాలు ఏం చేశాయి

అమెరికాలో చారిత్రక కట్టడాల జాతీయ ట్రస్టు 1977లో గేల్స్‌బర్గ్, హాట్ స్ప్రింగ్స్, మాడిసన్ అనే మూడు చిన్న ఊళ్లలో ‘మెయిన్ స్ట్రీట్’ ప్రయోగం మొదలుపెట్టింది. భవనాల ముఖాలు బాగుచేయించడం దానిలో కంటికి కనిపించే భాగం. కనిపించని భాగం, ప్రతి ఊరికీ ఈ పని మీదే ఉండే ఒక మేనేజరు. యజమాని దగ్గరికీ, బ్యాంకు దగ్గరికీ, అద్దెకు చూసేవాళ్ల దగ్గరికీ తిరిగేది ఆయనే. మన ఊళ్లలో ఆ పని చేసేది బ్రోకరు, అతనికి ఒక నెల బాడుగ కమిషను వస్తుంది గనుక పదిమందికి ముక్కలుగా ఇచ్చే తలనొప్పి అతనికి అక్కర్లేదు.

ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్‌లో ఉక్కు కర్మాగారం 1999లో మూతపడింది. నగర మధ్యంలో ఖాళీ కొట్లు పేరుకుపోయాయి. 2008లో ‘రెన్యూ న్యూకాసిల్’ అనే సంస్థ యజమానులను లీజు అడగలేదు. ముప్పై రోజుల నోటీసుతో ఖాళీ చేసే అనుమతి అడిగింది. అసలు బాడుగదారు దొరికిన రోజున వెళ్లిపోతామంది. యజమాని భయం తీరింది, చేతిపనులవాళ్లు, చిత్రకారులు వచ్చి చేరారు. కానీ ముప్పై రోజుల భరోసా మీద ఎవరూ దూలాలు మార్చరు. గోడకు సున్నం కొట్టి తెరవగలిగిన కొట్లకే ఆ మార్గం.

ఇంగ్లండ్ బలవంతం వైపు వెళ్లింది. 2023 నాటి చట్టం ఆధారంగా 2024 డిసెంబరు నుంచి, రెండేళ్లలో 365 రోజులకు మించి ఖాళీగా ఉన్న వాణిజ్య స్థలం లీజును స్థానిక సంస్థ వేలం వేయవచ్చు. ఏడాది నుంచి ఐదేళ్ల వరకు, యజమాని ఒప్పుకోకపోయినా.

## ఎవరి వాదన ఏమిటి

ఇలాంటి చట్టం ఇక్కడా కావాలనేవాళ్లున్నారు. రోడ్డు, కాలువ, దీపాలు అందరి డబ్బుతో వేస్తే వీధి విలువ పెరుగుతుంది, ఆ పెరుగుదలను తాళం వేసి దాచుకునే హక్కు ఒక్కరికే ఎందుకు అన్నది వాళ్ల వాదన. అందులో బలం ఉంది. కానీ ఏడుగురు వారసుల మధ్య ఇరుక్కున్న భవనానికి ఈ వేలం ఏం చేస్తుంది? మొండితనానికి పనికొచ్చే మందు నిస్సహాయతకు పనికిరాదు. మన దగ్గర రెండోది ఎక్కువ అని నా అంచనా.

‘కూల్చి కొత్త కాంప్లెక్సు కట్టండి, పాత మిద్దెల మీద మమకారం దేనికి’ అనేవాళ్ల మాట కూడా తీసిపారేయలేం. దూలాలన్నీ పోయిన భవనానికి అదే దారి. అయితే కొత్తగా కట్టేటప్పుడు ఇప్పటి నిబంధనల ప్రకారం ముందు భాగం వదలాలి, రోడ్డు విస్తరణ గుర్తు ఉంటే ఇంకా వెనక్కి జరగాలి. ఇరవై అడుగుల కొట్టుకు అది పెద్ద కోత. పైగా కొత్త కట్టుబడి ఖర్చు రాబట్టాలంటే బాడుగ ఎక్కువ ఉండాలి, అప్పుడు వచ్చేది బంగారు దుకాణమో ఊరూరా శాఖలున్న పెద్ద కంపెనీ దుకాణమో గాని పచ్చళ్ల కొట్టు కాదు. కొత్త వ్యాపారానికి పాత భవనమే అందుబాటులో ఉండటానికి కారణం అందం కాదు, దాని కట్టుబడి ఖర్చు ఎప్పుడో తీరిపోయి ఉండటం.

బండి ఎక్కడ నిలపాలి అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా మంచి జవాబు లేదు. బజారు వీధి ఎడ్లబండి కోసం వేసిన వీధి.

## అరుగు మీద కూర్చున్నామె

ఈ లెక్కలన్నిటిలో ఒకరి బాడుగ ఎక్కడా రాలేదు. మూసిన షట్టరు ముందు అరుగు మీద పూలమ్మే ఆమెది. తెరిచే కొట్టు ముందు ఎవరూ కూర్చోనివ్వరు కాబట్టి, ఆమె వెతుక్కున్నదే తెరవని కొట్టు. ఖాళీ భవనాన్ని ముందుగా వ్యాపారానికి వాడుకున్నది ఆమే, ఏ కాగితమూ లేకుండా. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సర్వే చేసి ధ్రువపత్రం ఇవ్వాలనీ, నోటీసు లేకుండా ఖాళీ చేయించకూడదనీ చెబుతుంది. కానీ అది బహిరంగ స్థలాల సంగతి. అరుగు యజమానిది, దాని ముందు కాలువ నగరపాలక సంస్థది. ఆమె గంప సగం ఇటు, సగం అటు ఉంటుంది.

షట్టరు ఎత్తిన రోజున రెండు కొట్లకూ కలిపి ఇరవై అడుగుల ముఖం కావాలి. గంపకు మూడడుగులు చాలు. నడవా తలుపు పక్కన ఆ మూడడుగులు గీతల్లో చూపించమని మేస్త్రీకి చెప్పవలసింది గోడలు లేవక ముందే, లేచాక అడిగితే చోటు లేదంటారు.